చదివి వినిపించారు, విన్నాను

కౌల్ బజార్, బళ్ళారి
14 జులై 2024, ఆదివారం

అన్నా,

అవ్వ తరఫున వందనాలు. నా తరఫున ఇప్పుడే లేవు. కోపం తగ్గాక పంపుతాను.

పోలీసు ట్రైనింగులో వారానికి ఒకసారి ఫోను చేతికి ఇచ్చేదే పది నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు హాస్టల్ సాంబారును తిట్టావు. రెండు నిమిషాలు బూటు కరిచిన వేలు గురించి. ఆఖరి నిమిషంలో, "రాజ్యాంగం పేపర్లో ఫెయిలైనా షాలూ, సెప్టెంబర్లో ఇంగోసారి పోతే ఇంటికి తోలేస్తారంట, ఆన్సర్లు రాసి పంపు" అని పెట్టేశావు. నేను ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాను. నాన్న షాపులోంచి "ఏమంటాడమ్మా?" అని కేకేస్తే "బాగుండాడంట" అన్నాను.

కోట పక్క గ్రౌండులో మూడేళ్ళు పరుగెత్తి తెచ్చుకున్న ఉద్యోగం. లాంగ్ జంప్ దాటావు, గుండు విసిరావు, ఛాతీ కొలతకి ఊపిరి బిగబట్టి కళ్ళు తేలేశావు. చివరికి నిన్ను ఆపింది ఒక పుస్తకం. అదీ నేను లా కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్న పుస్తకమే.

సరే, వారానికి ఒక ప్రశ్న పంపుతాను. మొదటిది ఇరవై రెండో అధికరణం. ఎవర్నైనా అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి. తన వకీలును కలవనివ్వాలి. ప్రయాణం టైము కాక ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది బట్టీ పట్టకు. ఇలా అనుకో: నాన్న మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఫోను తియ్యడు. షాపు తలుపు సగం మూసి ఉంది. పక్క షాపాయన "పోలీసులు జీపులో ఎక్కించుకుని పోయిరి" అంటాడు. అప్పుడు మనకి కావలసినవి ఏమిటి? ఎందుకు, ఎక్కడ, ఎంతసేపు. ఆ మూడు ప్రశ్నలకి జవాబే ఆ అధికరణం.

మీ వాళ్ళు ఉత్తరాలు విప్పి చూస్తారన్నావు కదా, తెలుగులోనే రాస్తాను. కన్నడ, తెలుగు అక్షరాలు అన్నదమ్ములు కాబట్టి కూడబలుక్కుంటారు, మాట మాత్రం దొరకదు. అవ్వ బైబిలు ముందు కూర్చోబెట్టి, ఒత్తు తప్పితే చెవి మెలేసి నేర్పిన తెలుగు ఇప్పుడు పనికొస్తోంది.

నీ చెల్లెలు,
షాలిని


ట్రైనింగ్ స్కూల్, మూడో బ్యారక్
28 జులై 2024

షాలూ,

నీ ఉత్తరం నాలుగు పేజీలు. నేను అడిగింది ఆన్సర్. నువ్వు పంపింది కథ. నాన్నని జీపెక్కించి నన్ను ఏడిపించినావు, మార్కులు ఎన్నొస్తాయో మాత్రం రాయలేదు.

ఈడ మా బాధ నీకేం తెలుసు? తెల్లారి ఐదింటికి పరేడ్. తొమ్మిది దాకా ఉరికి, తిని, లాఠీ డ్రిల్ చేసి, మళ్ళా తిని, రెండింటికి రాజ్యాంగం క్లాసు. ఫ్యాన్లు మూడు, మేము తొంబై మంది. లెక్చరర్ సారు మంచోడే. గోడ మీద స్లైడ్ వేసి దాన్నే చదువుతాడు. "పోలీసు ఎవరు?" అంటే అందరం "ప్రజాసేవకుడు సార్!" అని అరుస్తాం. అరిచినాక నిద్రపోతాం. మొన్న నేను పట్టుబడితి. డ్రిల్ నేర్పే ఉస్తాదు నా నెత్తిన రాజ్యాంగం పుస్తకం పెట్టి, కింద పడకుండా గ్రౌండు మూడు రౌండ్లు కొట్టించినాడు. బరువుగా ఉండాది మే, రాజ్యాంగం. మెడ ఇంగా పట్టేసింది.

ఇంగోటి. ఇన్నాళ్ళు ఫిర్యాదు రాసుకునే సెక్షన్ నూట యాభై నాలుగు అని బట్టీ పట్టిస్తిరి. ఈ నెల ఒకటో తేదీ నుంచి చట్టమే మారింది, ఇప్పుడది నూట డెబ్బై మూడంట. నిద్రలో లేపినా చెప్పేంత గట్టిగా పాతది పట్టేసినా. దాన్ని యాడ పారేయాల?

పది మార్కుల ప్రశ్న ఒకటి ఖాయంగా వస్తాదంట: 'ప్రజాస్వామ్యంలో పోలీసు పాత్ర'. లెక్చరర్ సారు 'పోలీసు జనం మనిషి' అని రాయమంటాడు. సాయంత్రం ఉస్తాదు 'జనాన్ని నమ్మినోడి టోపీ నెత్తిన నిలవదు' అంటాడు. ఇద్దరికీ గవర్నమెంటే జీతమిస్తాంది. నేనెవరి మాట రాయాల? నాకు అర్థం వద్దు తల్లీ, ఆన్సర్ కావాల. పదిహేను లైన్లు దాటొద్దు.

అవ్వకి వందనాలు. నీకు దండాలు.

కెన్నెత్


కౌల్ బజార్
11 ఆగస్టు 2024

అన్నా,

నీ పదిహేను లైన్లు వేరే కాగితం మీద రాసి జత చేశాను. అది పరీక్షకి. ఇక్కడ రాసేది నీకు. చదవకపోతే నీ ఇష్టం, మెడ నీది.

అవ్వ రేషను కార్డు ఆటోలో పోగొట్టుకుంది. కొత్తది కావాలంటే పోలీసు రశీదు తెమ్మన్నారు. బుధవారం కాలేజీ ఎగ్గొట్టి అవ్వని స్టేషన్‌కి తీసుకెళ్ళాను. అక్కడ ఫిర్యాదులు రాసే రైటరు కన్నడలో టకటకా టైపు చేసి, కాగితం ఇటు తిప్పి, వేలితో చోటు చూపించాడు. అవ్వ కళ్ళజోడు తుడుచుకుంది, పెన్ను మాత్రం పట్టుకోలేదు.

"చదువు నాయనా."

"ఏముంది అజ్జీ, కార్డు పోయిందని రాసినా."

"అదే, చదువు."

వెనక పదిమంది నిలబడి ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అవ్వా, పెట్టెయ్ అవ్వా" అని చెయ్యి గిల్లాను. ఆయన నవ్వి, కాగితం అడుగున ఉన్న వరస మీద వేలు పెట్టి, "చూడు అజ్జీ, ఈడ ముందే రాసుండాది. 'చదివి వినిపించారు, విన్నాను, సరిగా ఉంది.' ఇంగేం కావాల?" అన్నాడు.

"నేను వినకముందే విన్నానని ఎట్ల రాస్తివి?"

"అది ఫార్మాట్ అజ్జీ."

"యాడుండాడు ఆయన? పిలువు, నేను మాట్లాడతా."

ఫార్మాట్ అంటే ఏమిటో అవ్వకి తెలియదనుకుంటున్నావా? ముప్పై ఏళ్ళు చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీ. కిందటి మీటింగు మినిట్స్ పైకి చదివి, ఒక్కొక్కరి చేత సరే అనిపించుకోనిదే సంతకం పెట్టదు, పెట్టనివ్వదు. పాస్టరమ్మకి అన్నం మాడిపోతున్నా కూర్చోబెట్టేదని అమ్మ ఇప్పటికీ తిడుతుంది. ఆ రైటరు చివరికి విసుగ్గా చదివాడు. తెలుగులో చెప్పాడు. కార్డు 'ఇంట్లో' పోయిందని ఉంది. అవ్వ "ఆటోలో" అంది. ఆయన తల గోక్కుని దిద్దాడు. అప్పుడు అవ్వ సంతకం పెట్టింది, మూడు నిమిషాలు తీసుకుని, పూర్తి పేరు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. నీ కొత్త నూట డెబ్బై మూడులో అదే ఉంది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చెప్పిన మనిషికి చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకం. ఒక కాపీ ఉచితంగా ఇవ్వాలి. పాత నూట యాభై నాలుగులోనూ ఇదే ఉండేది. నంబరు మారింది, మాట మారలేదు. పాతదాన్ని ఎక్కడా పారేయనక్కర్లేదు.

పోలీసు ఎవరి మనిషి అనేది నాకు తెలియదు. కాగితం పైకి చదివే మనిషి అయితే చాలుననిపించింది.

షాలిని

తా.క. ఈ వారం దొరికిన మాట 'వాంగ్మూలం'. వాక్కే మూలం. ఎవరో చెప్పిన మాట నుంచి కేసంతా మొలుస్తుందన్నమాట. ఎంత బాగుందో చూడు. నువ్వు చూడవు, తెలుసు.


ట్రైనింగ్ స్కూల్
22 సెప్టెంబర్ 2024

షాలూ!

యాభైకి నలభై మూడు!

పదిహేను లైన్లు రాసినాక టైము మిగిలింది. నువ్వు పంపిన అవ్వ కథ రాసి పారేసినా, పేరు మార్చి. 'ఒక వృద్ధురాలు' అని. లెక్చరర్ సారు దాన్ని క్లాసులో పైకి చదివినాడు. నిద్రపోతాండే వాళ్ళు గూడా లేచి చప్పట్లు కొట్టినారు. ఎందుకు కొడతాండారో వాళ్ళకి తెలీదు, అది వేరే మాట. ఉస్తాదు పిలిచి "ఏమప్పా, లాయరైపోతివే?" అని నాలుగు పుషప్పులు తక్కువ చేసినాడు.

నవంబర్లో పాసింగ్ అవుట్. అప్పుడు ఫోను చేతికొస్తాది, ఇంగ ఈ ఉత్తరాల గోల లేదు.

కెన్నెత్


కౌల్ బజార్
6 అక్టోబర్ 2024

అన్నా,

నలభై మూడుకి వందనాలు. దాచుకున్నవన్నీ ఒకేసారి పంపుతున్నాను.

ఉత్తరాల గోల మాత్రం ఆగదు. అవ్వ ఆజ్ఞ. కంటి పొర ముదిరింది, బైబిలు కూడా నేనే చదివి పెడుతున్నాను. ఆదివారం గుడి నుంచి వచ్చాక నీ ఉత్తరం పైకి చదవడం ఇప్పుడు మా ఇంట్లో రెండో ఆరాధన. ఫోనులో నువ్వు "బాగుండా, తిన్నా, పెట్టేస్తా" అంటావు. దాన్ని రెండోసారి వినలేను కదా అంటుంది అవ్వ. కాబట్టి నెలకి ఒకటి రాయి.

షాలిని


హొసకట్టె స్టేషన్
9 ఫిబ్రవరి 2025

అవ్వకి, షాలూకి,

అవ్వా, వందనాలు. బాగుండా, తింటాండా. ఇప్పుడు రెండోసారి చదివించుకో.

నాకు పోస్టింగ్ ఇచ్చిన ఈ ఊర్లో అంతా కాలువ కింద వరి. కోస్తా నుంచి తాతల కాలంలో వచ్చిన రైతుల ఊర్లు, అన్నిటికీ క్యాంపు అనే పేరు. ముసలోళ్ళకి కన్నడ మాట్లాడేదానికి సరిపోతాది, చదివేదానికి రాదు. స్టేషన్లో నేను తెలుగులో "ఏం కావాల పెద్దాయనా?" అంటే చాలు, ముఖాలు వెలిగిపోతాయి. కాఫీ తాగి పొమ్మంటారు. యూనిఫాం ఏసుకున్నోణ్ణి చూసి జనం నవ్వడం ఇదే మొదలు చూస్తాండా.

రైటరు హెడ్ కానిస్టేబుల్ పంపాపతి సారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆయన చెప్తాడు, నేను టైపు చేస్తా. "బరియప్పా, బరి" అంటాడు, రాయప్పా రాయి అని. నా స్పీడు చూసి సంబరపడతాండాడు. రోజుకి ఐదారు హేళికెలు, అదే నీ వాంగ్మూలాలు. సారు ఒక ఉపాయం నేర్పించినాడు. అడుగున ఉండే వరస, 'ఓది హేళిద్దన్ను కేళిదెను, సరి ఇదె', అదే మన అవ్వ కొట్లాడిన 'చదివి వినిపించారు, విన్నాను', ముందే కంప్యూటర్లో పెట్టేసుంటాం. పైన ఖాళీలో కథ నింపుకుంటా దిగేది. కింద నుంచి ఇల్లు కట్టినట్ల.

షాలూ, నువ్వు మొదలుపెట్టొద్దు. నాకు తెలుసు. నలభై మూడు నాకే వచ్చినాయి. కానీ బయట నలభై మంది నిలబడుంటే ఒక్కొక్కరికి పైకి చదువుతా కూచుంటే సాయంత్రానికి ఎస్సై నన్నే చదువుతాడు.

కెన్నెత్


కౌల్ బజార్
23 ఫిబ్రవరి 2025

అన్నా,

మొదలుపెట్టను. ఒక్కటే రాస్తాను.

నీ ఉత్తరం చదివాను. కాఫీ దగ్గర అవ్వ నవ్వింది. 'కింద నుంచి ఇల్లు' దగ్గర "మళ్ళా చదువు" అంది. చదివాను. "ఇంగోసారి" అంది. చదివాను. ఆ తర్వాత నీళ్ళు అడిగి, తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది.

నీకు కోపంగా రాసిన కాగితం చింపేశాను. అవ్వ అలా గోడ వైపు తిరగడం ముందు నా మాటలన్నీ చిన్నవయ్యాయి.

షాలిని


హొసకట్టె స్టేషన్
13 ఏప్రిల్ 2025, మట్టల ఆదివారం

షాలూ,

ఈ ఉత్తరం అవ్వకి చదవొద్దు. నువ్వొక్కదానివే చదువు. నాన్నకి అస్సలు చెప్పొద్దు.

మార్చి మొదట్లో ఒక క్యాంపు నుంచి సుందరమ్మ అనే ఆమె వచ్చింది. అరవై దాటుంటాయి. రెండో పంటకి నీళ్ళు చాలని రోజులు. ఆమె భర్త సుబ్బరాయుడు తన వంతు వచ్చిందని తూము తెరవబోతే, పై పొలం చంద్రశేఖర్ పార కర్రతో కొట్టినాడంట. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆమె అంతా నాకు తెలుగులో చెప్పింది, తేదీ, తూము నంబరు, ఎవరెవరు చూసినారు, అన్నీ. నేను పంపాపతి సారుకి కన్నడలో చెప్పినా.

సారు లోపలికి పోయి ఎవరితోనో ఫోను మాట్లాడి వచ్చినాడు. "వాళ్ళు వాళ్ళు రాజీ పడతాండారప్పా. ముసలోణ్ణి కోర్టు మెట్లు ఎక్కించొద్దు. కాలువ గట్టు మీద కాలు జారి పడినాడు, ఎవరి మీదా అనుమానం లేదు, అని బరి."

నేను ఆయన ముఖం చూసినా. ఆయన నా ముఖం చూడలేదు. "బరి" అన్నాడు మళ్ళా.

రాసినా.

అడుగు వరస ముందే ఉండాది కదా. ఆమె చేతికి కాగితం ఇస్తే, "చదవనా అమ్మా?" అని నేను అడగలేదు. ఆమే అంది: "ఎందుకు బాబూ, నువ్వు మన తెలుగబ్బాయివేగా." సంతకం పెట్టేసింది. కాపీ మడిచి సంచిలో పెట్టుకుంది. పోతా పోతా మజ్జిగ తాగడానికి రమ్మంది.

రాజీ లేదు, ఏమీ లేదు. ఆయన చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, పార పట్టేదానికి రాదంట. వాళ్ళ మనవరాలు బిందుశ్రీ టెన్తు పరీక్షలైపోయి ఇంటికి వచ్చింది, కన్నడ మీడియం. ఆ కాపీ తీసి వాళ్ళ అవ్వకీ తాతకీ పైకి చదివింది. నేను చదవాల్సింది ఆ పాప చదివింది. తర్వాత ఎస్పీ గారికి పోస్టులో అర్జీ పెట్టింది, స్కూలు పుస్తకంలో ఉండాదంట అట్ల పెట్టొచ్చని. రాజ్యాంగం క్లాసులో నిద్రపోనోళ్ళు గూడా ఉంటారు.

సుందరమ్మ మళ్ళా స్టేషన్‌కి వచ్చింది. అరిచుంటే బాగుండు. "నీ మాట చూసి పెట్టాను కదయ్యా సంతకం" అంది అంతే. నేను కంప్యూటర్ వైపు చూస్తా కూచున్నా. ఆపి ఉండే కంప్యూటర్ మే.

ఇప్పుడు డీవైఎస్పీ గారు విచారణ చేస్తాండారు. మే రెండో వారంలో నా హేళికె. ఒకటే ప్రశ్న: 'చదివి వినిపించినావా, లేదా?' పంపాపతి సారు చెప్తాడు, "వినిపించినా అను. ముసల్ది మర్చిపోయిందనుకుంటారు, అంతటితో పోతాది. లేదన్నావంటే నేను పోతా, నువ్వు పోతావు. నీకు ఇంగా ప్రొబేషన్ అప్పా, నాకు కూతురి పెళ్ళి ఉండాది." ఆయన చెడ్డోడు కాదు షాలూ. నాకు జొరమొచ్చినప్పుడు వాళ్ళింటి నుంచి గంజి తెచ్చినాడు.

మూడేండ్లు ఉరికినా ఈ ఉద్యోగానికి. ఏం చెప్పాలో నువ్వే రాసి పంపు. ఎంత పొడుగైనా సరే. ఈసారి బట్టీ పట్టకుండా చదువుతా.

కెన్నెత్


కౌల్ బజార్
20 ఏప్రిల్ 2025, ఈస్టర్

అన్నా,

నీ ఉత్తరం అవ్వకి చదివాను. ముందు అది చెప్పేస్తున్నాను, తర్వాత తిట్టు.

కవరు చింపిన చప్పుడు వింది. కన్ను పోతే పోయింది, చెవి మాత్రం పోలీసు చెవి. "చదువు" అంది. నేను క్షేమ సమాచారాలు కల్పించి ఓ అరపేజీ చదివాను. కాలువల్లో నీళ్ళు, ఎండలు, ఇడ్లీ. అవ్వ చేత్తో కాగితాలు తడిమి, "మూడు పేజీలుండాయి. నువ్వు చదివింది సగం. మిగతాది మింగినావు" అంది. చదివి వినిపించానని చెప్పి వినిపించకపోవడం మన ఇద్దరికీ ఒకే రోగం అన్నా. మొత్తం చదివాను.

 అప్పుడు అవ్వ నాకు ఎప్పుడూ చెప్పనిది చెప్పింది.

నాన్న చిన్నప్పుడు, స్త్రీల సమాజం డబ్బాలో ఉన్న బియ్యం పాస్టరుగారి చుట్టాలకి ఇవ్వాలని తీర్మానం చేశారట. ఒక విధవరాలు లేచి, "ఆకలితో ఉండేటోళ్ళు మనలోనే ఉండారు, నేను ఒప్పుకోను" అందట. అవ్వ కొత్త సెక్రటరీ. మినిట్స్‌లో 'అందరూ ఏకగ్రీవంగా అంగీకరించారు' అని రాసేసింది. ఎప్పుడూ అలాగే రాసేవారట. అదే ఫార్మాట్. ఆమెకి చదువు రాదు, వేలిముద్ర వేసింది. కొన్నాళ్ళకి ఎవరో చెబితే తెలిసింది. మళ్ళీ గుడికి రాలేదు. ఏ గుడికీ రాలేదు. "పైకి చదువుంటే ఆ యమ్మ కాదని మళ్ళా అనుండు" అంది అవ్వ. "ఆ పొద్దు నుంచి చదువుతాండా."

ఇన్నేళ్ళూ మనం చాదస్తం అనుకున్నది ఇది.

నీకు ఆన్సర్ రాయడానికి కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను. ఎలా చెబితే ఉద్యోగమూ నిలిచి, సుందరమ్మగారి కేసూ నిలుస్తుందో అని చట్టం పుస్తకాలు మూడు తిరగేశాను. ఏదో ఒక మెలిక దొరుకుతుంది. నాకిప్పుడు మాటలు బాగా వస్తున్నాయి, నీకు తెలుసు. 'సారాంశం తెలియజేశాను' అనొచ్చు. 'ఆమె అర్థం చేసుకున్నట్లు భావించాను' అనొచ్చు. రాసి చూసుకున్నాను కూడా. చదవడానికి చాలా బాగున్నాయి. అంత బాగుండటం చూసి నా మీద నాకే రోత పుట్టింది.

నీ నలభై మూడు మార్కుల్లో నావీ ఉన్నాయి. అవ్వ కథని నీకు మార్కులయ్యేలా రాసి పంపింది నేనే. అందుకే ఈసారి ఆన్సర్ పంపను. కోపంతో కాదు. అది నీ వాంగ్మూలం.

నాన్నకి చెప్పలేదు. అడిగితే బాగున్నాడన్నాను. బాగుండు అన్నా.

షాలిని


హొసకట్టె
18 మే 2025

షాలూ,

ఇది అవ్వకి చదువు. మొత్తం.

మంగళవారం పిలిచినారు. చిన్న రూము. డీవైఎస్పీ గారు, ఆయన రైటరు, నేను. పంపాపతి సారు బయట బెంచీ మీద. నేను లోపలికి పోతాంటే ఆయన నీళ్ళ బాటిల్ నా చేతికిచ్చినాడు. అది ఇంగా కష్టమైంది.

చెప్పినా. ఆమె ఏం చెప్పింది, సారు ఏం రాయమన్నాడు, నేను ఏం రాసినా. చదివి వినిపించలేదని చెప్పినా. ఆయన చెప్పినందుకు రాసినా అనేదే కాదు, నాకు తెలిసే రాసినా అని గూడా చెప్పినా.  

రైటరు టైపు చేసి, కాగితం తీసి, ఇటు తిప్పి, వేలు పెట్టినాడు. సంతకం చోటు. దాని పైన అదే వరస. చదివి వినిపించారు, విన్నాను.

పెన్ను చేతిలో ఉండాది. షాలూ, ఒట్టు, ఇంగొక్క క్షణముంటే పెట్టేసేవాణ్ణి. చేతికి అలవాటు. అవ్వ కళ్ళజోడు తుడుచుకునేది కండ్ల ముందర కనపడింది.

"సార్, చదవండి" అన్నా.

రైటరు నన్ను ఎగాదిగా చూసినాడు. "నీకు కన్నడ చదవడం రాదేనప్పా?"

"వస్తాది సార్. మీరు చదవండి."

"నువ్వు పోలీసువప్పా!"

"ఈ పొద్దు నేను చెప్పేటోణ్ణి సార్. రాసేటోణ్ణి కాదు."

డీవైఎస్పీ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, గోడ గడియారం చూసి, ఇంత పొడుగు ఊపిరి వదిలినాడు. "చదువయ్యా, పని కానీ" అన్నాడు. రైటరు విసుగ్గా, పాస్టరుగారు పెండ్లి ప్రకటనలు చదివినట్ల గబగబా చదివినాడు. మూడో పేరాలో ఉండాది చూడు: 'ఫిర్యాదులోని సారాంశాన్ని ఆమెకు తెలుగులో తెలియజేశాను.'

"నేను ఆ మాట అనలేదు సార్."

"ఏదో ఒకటి చెప్పే ఉంటావు కదప్పా. నీకే మంచిదని రాసినా."

"చెప్పలేదు సార్."

నీ ఉత్తరంలో నువ్వు రాసి చూసుకుని రోత పడిన మాట, అదే మాట, ఆ రైటరుకి గూడా దొరికింది. ఆయన ఏ లా కాలేజీలో చదవలేదు.

డీవైఎస్పీ గారు కాగితం తీసుకుని ఆ వరస తనే కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, నా చేత పెట్టించినాడు. తర్వాత మళ్ళా మొదటి నుంచి చదివించినాడు. ఈసారి మెల్లగా. విన్నా. సంతకం పెట్టినా. పూర్తి పేరు, మూడు నిమిషాలు.

నాకు మెమో వచ్చింది. ప్రొబేషన్ పొడిగిస్తారో, తీసేస్తారో ఇంగా తెలీదు. పంపాపతి సారుని వేరే చోటికి పంపినారు. పోయేటప్పుడు ఆయన నాతో మాట్లాడలేదు. వాళ్ళింటి గంజి గిన్నె ఇంగా నా దగ్గరే ఉండాది, ఎట్ల ఇచ్చేదో తెలీడం లేదు. నాన్నకి వచ్చే ఆదివారం నేనే ఫోను చేసి చెప్తా. నువ్వు బాగుండాడని చెప్పొద్దు.

శుక్రవారం సుందరమ్మ ఫిర్యాదు కొత్తగా తీసుకోమని ఆర్డరొచ్చింది. స్టేషన్లో తెలుగు వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే, ఎస్సై పక్కన కూచుని నన్నే టైపు చెయ్యమన్నాడు. ఆమె నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. బిందుశ్రీని తెచ్చుకుని పక్కన కూచోబెట్టుకుంది, నా మీద కాపలా. ఆ పాప వంగి స్క్రీన్ చూస్తానే ఉండాది, అక్షరం తప్పితే దగ్గుతాంది.

ముందు నేను కంప్యూటర్లో అడుగున ఉండే వరస కొట్టేసినా. ఖాళీ కాగితం. పైనుంచి మొదలుపెట్టినా. అయినాక కన్నడలో చదివి, ప్రతి వాక్యం తెలుగులో చెప్పినా. ఆమె నాలుగు చోట్ల ఆపింది. 'కట్టె' కాదు, 'పార కర్ర' అంది. తూము తెరిచింది కాదు, తెరవబోయింది అంది. కొట్టినది ఒకసారి కాదు, పడినాక ఇంకోసారి అంది, అది ముందుసారి నాకు చెప్పనే లేదు, నేను ఆగి విననే లేదు. బయట క్యూ పెరిగిపోయింది. ఎవరో "ఏందప్పా లోపల, హరికథా?" అని అరిచినారు. ఎస్సై పెన్నుతో బల్ల మీద కొడతాండాడు. గంటా పది నిమిషాలు పట్టింది.

అంతా విని సుందరమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. కాగితం అడుగున ఖాళీ చూసింది. అప్పుడు నా వైపు చూసి అంది:

"ఇప్పుడు రాసుకో బాబూ. విన్నానని."

రాసినా.

మజ్జిగకి మాత్రం పిలవలేదు.

కెన్నెత్

తా.క. షాలూ, ఈ కింద నాలుగు వేళ్ళ చోటు వదిలినా. చదవడం అయినాక అవ్వతో అక్కడ సంతకం పెట్టించి, ఈ కాగితమే నాకు తిరిగి పంపు. ముందే పెట్టించొద్దు.